అమ్మమ్మ నింపిన మూడు గళ్ళు

కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మా అమ్మమ్మ ముందు మొహం చూడదు. మెడ దగ్గర మొదలుపెట్టి కిందిదాకా చొక్కా బొత్తాలు లెక్కపెడుతుంది. అన్నీ ఉన్నాయని తేలాక అప్పుడు తీరిగ్గా మొహం దగ్గరికి వస్తుంది. నేను తొమ్మిదో తరగతి రెండోసారి తప్పినప్పుడు హెడ్మాస్టరు ఆవిణ్ణి పిలిపించాడు. నా ప్రతిభ గురించి ఆయన చాలాసేపు చెబుదామనుకున్నాడు. రెండో మాటకే అమ్మమ్మ, "నాలుగోది వేలాడుతోంది బాబూ, ఇవాళో రేపో రాలిపోతుంది" అంది. ఆ తర్వాత ఆయన పొట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడాడు, రెండు ముక్కల్లో ముగించాడు. నా చదువూ అక్కడితో ముగిసింది. అయినా మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, మా వీధి వరకు నేను పండితురాలినే.

అమ్మమ్మ పని కాజాలు తీయడం. చొక్కా కుట్టేవాళ్ళు వేరు, దానికి కాజాలు తీసి బొత్తాలు వేసేవాళ్ళు వేరు. మా వీధిలో దర్జీ కొట్లు ఆరున్నాయి. ఆరు కొట్ల చొక్కాలూ చివరికి మా ముందుగదిలోకే వస్తాయి. ఒక చొక్కాకి పదకొండు: ముందు ఎనిమిది, కఫ్‌లకి రెండు, జేబుకి ఒకటి. ఈ లెక్క అమ్మమ్మ ఒంట్లోనే ఉంది. నేను పుట్టినప్పుడు నా వేళ్ళు కూడా పదకొండు ఉంటాయేమోనని చూసిందట. మా అమ్మ చెబుతుంది, అమ్మమ్మ ఒప్పుకోదు.

ఆవిడ కాజా మెషిన్ తాతయ్య కొన్నది. అప్పటికే అది రెండు చేతులు మారిందట. తాతయ్య పోయి పద్నాలుగేళ్ళయింది, మెషిన్ మాత్రం ఆగలేదు. పొద్దున్నే దానికి నూనె వేస్తూ, "నడు నాయనా, నీకు లేని నొప్పులు నాకున్నాయి" అనేది. అది టకటకమంటూ నడిచేది. పది లెక్కపెట్టేలోపు ఒక కాజా. కుట్టు చుట్టూ తిరిగొచ్చాక లోపలి కత్తి దిగి మధ్యలో చీలిక పెట్టేది. రోజుకి ముప్పై చొక్కాలు అవలీలగా అయ్యేవి.

ఒకరోజు మధ్యాహ్నం అది టక్ అని ఒకే ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. లోపల అరచేతిలో పట్టే ఇనుప బిళ్ళ ఒకటుంటుంది. దాని అంచుకి ఒక ఒంపు ఉంటుంది. ఆ ఒంపు ఎటు తిరిగితే బట్ట అటు కదులుతుంది. ఆ బిళ్ళ సరిగ్గా ఒంపు దగ్గర రెండు ముక్కలైంది.

మెషిన్లు బాగుచేసే ఆయన్ని మేం డాక్టరు అంటాం. వచ్చిన ప్రతిసారీ ముందు పెదవి విరుస్తాడు గనక ఆ పేరు. డాక్టరు రెండు ముక్కల్నీ వెల్డింగు చేసి తెచ్చాడు. బిగించి నడిపితే మొదటి కాజా నిద్రలో నవ్విన నోరులా వంకరగా వచ్చింది.

"అత్తా, దీన్ని తూకానికి అమ్మేసుకో" అన్నాడు.

"ముందు నిన్ను అమ్ముతాను, నువ్వే బరువెక్కువ" అంది అమ్మమ్మ.

అప్పుడు నా పాండిత్యం అవసరం పడింది. విరిగిన బిళ్ళకి ఫోన్లో ఫొటో తీసి వెతకడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకి దొరికాడు ఒకాయన. సముద్రం అవతల ఏదో దేశంలో, పాత కుట్టుమెషిన్ల సామాన్లు అమ్మే ముసలాయన. ఆయన రాసింది ఫోనే తెలుగులోకి తిప్పి చదివి పెట్టింది. ఈ బిళ్ళ తన దగ్గర ఒకటే మిగిలిందట. ఈ నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నాడు, ఇల్లు అమ్మేశాడు. ఒకటో తారీఖున లారీ వచ్చి మిగిలిన సామానంతా పాత ఇనుము కింద తీసుకుపోతుంది. డబ్బు అందిన రోజే బిళ్ళ పంపుతానన్నాడు. అది చేత్తో పట్టుకుని ఫొటో కూడా పెట్టాడు.

అమ్మమ్మ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. నేను బిళ్ళని చూస్తోందనుకున్నాను.

"కఫ్ బొత్తం పెట్టుకున్నాడు. నమ్మొచ్చు" అంది.

డబ్బు ఆయనకి చేరాలంటే ఆయన బ్యాంకు కోడ్ కావాలి. స్విఫ్ట్ కోడ్ అంటారు దాన్ని. మొత్తం ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు. ఆయన వాటిని విడివిడిగా, పెద్దగా రాసి పంపాడు. ఒక్క అక్షరం తేడా వచ్చినా డబ్బు దారి తప్పుతుందని జాగ్రత్త కూడా చెప్పాడు. ఆ మాట వినగానే అమ్మమ్మ నన్ను అనుమానంగా చూసింది.

"నువ్వు రాసిన చాకలి పద్దులో ప్యాంట్లు చొక్కాలైపోయాయి. ఇది నేను రాసుకుంటాను."

"నీకు ఇంగ్లీషు రాదుగా అమ్మమ్మా."

"రాయడానికి రావాలేమిటే? చూసి దించడమేగా."

కాగితం మీద అమ్మమ్మ చెయ్యి వణుకుతుంది. సూది పట్టుకుంటే వణకదు. అందుకని తెల్లబట్ట ముక్క తీసుకుని, నీలం దారంతో ఆ ఎనిమిది అక్షరాలూ కుట్టింది. ఒక్కొక్కటీ ఫోన్తో పోల్చి చూశాను. వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. అది నాకు కొంచెం బాధగానే అనిపించింది.

ఎనిమిదో తారీఖున బ్యాంకుకి వెళ్ళాం. రెండు నెలల సంపాదన గుడ్డసంచిలో పెట్టుకుని, సంచిని చంకలో పెట్టుకుని, చంక మీద ఇంకో చెయ్యి వేసుకుని నడిచింది అమ్మమ్మ. విదేశాలకి పంపే ఫారం మూడో కౌంటరులో ఇస్తారు. ఆ కౌంటరు అద్దం మీద కాగితం అంటించి ఉంది: "ఖాళీలు వదిలిన ఫారములు స్వీకరించబడవు." అమ్మమ్మ అడిగితే నేనే చదివి వినిపించాను. అనవసరంగా గొంతు పెంచి మరీ చదివాను.

పేరు, చిరునామా, ఖాతా నంబరు నేను నింపాను. కోడ్ దగ్గరికి వచ్చేసరికి పెన్ను లాక్కుంది. ఒళ్ళో బట్ట పరుచుకుని, చెయ్యి వణక్కుండా పెన్నుని సూదిలా పట్టుకుని, ఒక్కో అక్షరమూ చూస్తూ ఒక్కో గడిలో దించింది. వెనక వరుసలో ఉన్నాయన దగ్గాడు. అమ్మమ్మ తిరిగి ఆయన చొక్కా చూసింది. ఆయన మళ్ళీ దగ్గలేదు.

ఎనిమిది అక్షరాలూ అయిపోయాయి. ఫారంలో గళ్ళు మాత్రం పదకొండు ఉన్నాయి.

"చూశావటే?" అంది అమ్మమ్మ, తప్పు పట్టుకున్నవాళ్ళ గొంతుతో. "ముందు ఎనిమిదీ ఇచ్చి ఊరుకున్నాడు. చేతులకి రెండూ జేబుకి ఒకటీ మర్చిపోయాడు. పెద్దవాడు కదా, పాపం."

"ఆయన పంపింది ఎనిమిదే అమ్మమ్మా."

"మరి ఖాళీలు వదలకూడదని నువ్వేగా చదివావు, మైకులో చెప్పినట్టు?"

నేను జవాబు వెతుక్కునేలోపే మూడు గళ్ళలోనూ మూడు సున్నాలు పెట్టేసింది. గుండ్రంగా, చక్కగా, ఒకే కొలతలో.

"అవేమిటి?"

"బొత్తాలు."

నాకు నవ్వొచ్చింది. నిజానికి చూడ్డానికి చాలా బావున్నాయి, పెన్నుతో కుట్టినట్టే ఉన్నాయి. మూడో కౌంటరు అబ్బాయిని అడిగితే పోయేది. వెనక పదిమంది ఉన్నారు, నాకు ఆకలేస్తోంది. నవ్వుతూనే ఫారం అద్దం కిందినుంచి తోశాను. ఆ అబ్బాయి గళ్ళన్నీ నిండాయా లేదా అని వేలితో చూసుకుంటూ పోయి, ముద్ర వేశాడు. నాలుగైదు రోజుల్లో చేరుతుందన్నాడు.

"బాబూ, నీ ఎడం కఫ్‌కి బొత్తం లేదు" అంది అమ్మమ్మ.

అతను చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు.

ఆ నాలుగైదు రోజులూ చేత్తో కాజాలు తీసింది. చొక్కాకి గంటకి పైనే పట్టేది. కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని, వెలుగు ఎటు కదిలితే అటు తిరుగుతూ కుట్టేది. సూదిలోకి దారం ఎక్కించడం నా పని. మా వీధి చివరి కొట్టు మేస్త్రి, అందరికంటే ఎక్కువ చొక్కాలు పంపే ఆయన, సాయంత్రం వచ్చి చూసేవాడు.

"అత్తా, అన్నీ కలిపి ఆరేనా?"

"కావాలంటే ఏడోది నువ్వు కుట్టుకో."

"అది కాదత్తా. బజారులో కంప్యూటరు మెషిన్ పెట్టారు. వంద చొక్కాలు గంటలో ఇస్తున్నారు. నేనింకా నీ మీద అభిమానం కొద్దీ..."

"నెలాఖరు దాకా ఆ అభిమానాన్ని ఇస్త్రీ చేసి పెట్టుకోరా. బిళ్ళ వచ్చేస్తోంది."

నెలాఖరు దాకా ఆగుతానన్నాడు మేస్త్రి. అప్పటికీ మెషిన్ నడవకపోతే పనంతా బజారుకే. మిగతా అయిదు కొట్లూ ఆయన ఎటు వెళ్తే అటే వెళ్తాయి.

పద్నాలుగో తారీఖున ముసలాయన రాశాడు, డబ్బు అందలేదని. పరుగెత్తుకుంటూ బ్యాంకుకి వెళ్ళాం. మూడో కౌంటరు అబ్బాయి కంప్యూటరు చూసి, "మా దగ్గర్నుంచి ఎనిమిదో తారీఖునే వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. వెళ్ళినట్టు ఒక కాగితం కూడా ఇచ్చాడు. దాన్ని ఫొటో తీసి ముసలాయనకి పంపాం. ఆయన తన బ్యాంకులో చూపించాడు. వాళ్ళు రాలేదన్నారు.

"ఇక్కడ లేదంటారు, అక్కడ లేదంటారు. మరి ఎక్కడుంది?" అంది అమ్మమ్మ.

"మధ్యలో" అన్నాడు ఆ అబ్బాయి.

"మధ్యలో సముద్రమేగా నాయనా?"

అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. పై ఆఫీసుకి రాస్తానన్నాడు. ఒక ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. ఇంటికొచ్చి ఆ నంబరుకి చేస్తే ఒక ఆడగొంతు, మీరు వరుసలో ఉన్నారని చెప్పి సంగీతం పెట్టింది. స్పీకరు పెట్టి ఫోన్ని మెషిన్ మీద ఉంచాం. అమ్మమ్మ ఒక చొక్కా మొత్తం పూర్తిచేసింది, జేబుతో సహా. సంగీతం అవలేదు. నా ఫోన్లో చార్జింగు అయిపోయింది.

ఇరవయ్యో తారీఖున మళ్ళీ వెళ్ళాం. పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మూడో కౌంటరు అబ్బాయి దాన్ని చదివి, "మీ డబ్బు మరమ్మతు వరుసలో ఉందట" అన్నాడు.

అమ్మమ్మ మొహం విచ్చుకుంది. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆవిడకి అర్థమయ్యే మాట ఒకటి వినపడింది.

"మరమ్మతేగా? ఏం చిరిగింది?"

అతను మా పాత ఫారం వెతికి తీశాడు. వేలితో గళ్ళ వెంట వెళ్ళాడు. తొమ్మిదో గడి దగ్గర వేలు ఆగింది.

"ఈ మూడు సున్నాలు ఎవరు వేశారు?"

నేను కిటికీ వైపు చూశాను. అమ్మమ్మ మాత్రం, "నేనే. ఖాళీలు వదలొద్దన్నారుగా" అంది గర్వంగానే.

అప్పుడు చెప్పాడు. పాపం ఓపిగ్గానే చెప్పాడు. కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలూ బ్యాంకు పేరట. తర్వాతి రెండూ దేశం. ఆ తర్వాత రెండూ ఆ బ్యాంకు ఉండే చోటు. అక్కడికి ఎనిమిది. చివరి మూడూ ఫలానా శాఖ అని చెప్పడానికి. శాఖ చెప్పకపోతే నేరుగా పెద్దాఫీసుకి వెళుతుంది, ఏ గొడవా ఉండదు. సున్నా సున్నా సున్నా అనే శాఖ ఆ బ్యాంకుకి లేదు. అందుకని పై ఆఫీసు కంప్యూటరు దాన్ని పక్కకి తీసి, మనిషి చూడాల్సిన వరుసలో పడేసింది.

"అంటే ఈ గళ్ళు ఖాళీగా వదిలేస్తే సరిపోయేదా?"

"సరిపోయేదమ్మా."

అమ్మమ్మ అద్దం మీది కాగితం వైపు చూసింది. ఆ అబ్బాయి కూడా చూశాడు. ముగ్గురం కాసేపు దాన్నే చూశాం.

"సరే, జరిగిందేదో జరిగింది. ఆ మూడూ విప్పెయ్యి బాబూ" అంది. "విప్పడానికి ఎంతసేపు? ఇటియ్యి, నేను విప్పుతాను."

"నా చేతుల్లో లేదమ్మా. ఇక్కణ్ణుంచి నాకు కనపడుతుంది, అంతే. చెయ్యి అందదు."

కంప్యూటరు తెరని మా వైపు తిప్పి చూపించాడు. అందులో మా డబ్బు పద్దు ఉంది. అమ్మమ్మ పెట్టిన ఎనిమిది అక్షరాలూ, మూడు సున్నాలూ ఉన్నాయి. అమ్మమ్మ అద్దం సందులోంచి చెయ్యి పోనిచ్చి, చూపుడు వేలి గోటితో తెర మీది సున్నాని గీకింది. కుట్టు విప్పేటప్పుడు ఎలా గీకుతుందో అలాగే. నేనెప్పుడూ ఆవిణ్ణి ఏదో ఒకటి అంటూనే ఉంటాను. ఆరోజు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా ఇవతలికి తీశాను.

సవరణ కోరుతూ అర్జీ రాయాలి. దానికి వేరే ఫారం, వేరే రుసుము. ఆ అబ్బాయే రాసిపెట్టాడు, నా చేతికి పెన్ను ఇవ్వలేదు. అర్జీ పై ఆఫీసుకి వెళ్ళాలి, వాళ్ళ వరుస ప్రకారం చూడాలి. ఎన్నాళ్ళు పడుతుందంటే అతను చేతులు చాచాడు. ఎడం కఫ్ ఇంకా అలాగే తెరుచుకుని ఉంది. అమ్మమ్మ ఈసారి దాని గురించి ఏమీ అనలేదు.

ముసలాయనకి నేనే రాశాను, మా అమ్మమ్మ బొత్తాలు పెట్టిందని. ఫోన్ దాన్ని ఎలా తిప్పి చెప్పిందో తెలీదు. ఆయన మాత్రం, "పర్వాలేదు, లారీవాణ్ణి నాలుగు రోజులు ఆగమంటాను" అన్నాడు. డబ్బు అందకముందే బిళ్ళ పంపమని అడగమంది అమ్మ. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"ఆయనా కొట్టు మూసుకుంటున్నవాడే. నా మొహం ఎరగడు. ఏమని అడుగుతానే?"

రోజూ పొద్దున్న నన్ను బ్యాంకుకి తోలేది. నేను వెళ్ళి మూడో కౌంటరు ముందు నిలబడేదాన్ని. ఆ అబ్బాయి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేవాడు. పదిరోజుల్లో మాకు మాటల అవసరం లేకుండా పోయింది. వీధిలోకి తిరిగొస్తూ నేనూ మలుపు దగ్గర్నుంచే తల అడ్డంగా ఊపేదాన్ని. కిటికీ దగ్గర అమ్మమ్మ మళ్ళీ సూది మీదికి వంగేది.

నెలాఖరున మేస్త్రి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అమ్మమ్మ పూర్తిచేసిన అయిదు చొక్కాలూ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అభిమానం లేక కాదత్తా..."

"తెలుసురా. నువ్వు వెళ్ళు. చొక్కాలు నలిగిపోతున్నాయి."

నాలుగో తారీఖున ముసలాయన ఒక ఫొటో పంపాడు. ఖాళీ కొట్టు, గోడ మీద ఇదివరకు అరలున్న చోట తెల్లటి మచ్చలు. లారీ వచ్చేసిందని, తాను బయట ఉండగా అరలు అరలుగా ఎత్తేశారని, మాకోసం ఆ బిళ్ళ దాచిపెట్టిన డబ్బా కూడా అందులోనే పోయిందని, క్షమించమని రాశాడు.

పదో తారీఖున డబ్బు ఆయనకి చేరింది.

ఇప్పుడు ఆయన దాన్ని వెనక్కి పంపాలి. దానికి మా బ్యాంకు కోడ్ కావాలన్నాడు. మళ్ళీ మూడో కౌంటరు. ఆ అబ్బాయి ఒక కాగితం మీద పదకొండు గళ్ళు గీసి, ఎనిమిదింటిలో అక్షరాలు రాసి ఇచ్చాడు. మా శాఖ చిన్నది, దానికంటూ చివరి మూడక్షరాలు లేవట. అమ్మమ్మ ఆ ఖాళీ గళ్ళని చాలాసేపు చూసింది. కాగితం మడిచి నాకిచ్చి, "దీనిమీద నన్ను చెయ్యి వెయ్యనివ్వకు" అంది.

డబ్బు పదహారు రోజులకి వచ్చింది. మధ్యలో ఉన్న బ్యాంకులన్నీ వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి అందులో చెయ్యి పెట్టి రుసుము తీసుకున్నాయి. మిగిలింది ఇదీ అని ఆ అబ్బాయి కాగితం చూపించాడు. అమ్మమ్మ లెక్క చూడలేదు. సంచిలోంచి ఒక తెల్ల బొత్తమూ, దారం ఎక్కించిన సూదీ తీసింది.

"చెయ్యి ఇటియ్యి."

"వద్దమ్మా, పనిలో ఉన్నాను."

"నాకు ఇక్కడ వేరే పనేమీ లేదుగా."

అతను అద్దం సందులోంచి ఎడం చెయ్యి బయట పెట్టాడు. అది కుట్టినంతసేపూ మూడో కౌంటరులో పని ఆగింది. వరుసలో ఎవరూ దగ్గలేదు.

మెషిన్ ఇప్పటికీ ముందుగదిలోనే ఉంది. డాక్టరు రెండుసార్లు తూకం సంగతి ఎత్తి తిట్లు తిన్నాడు. అమ్మమ్మ పొద్దున్నే దానికి నూనె వేస్తుంది, అలవాటు కొద్దీ. చేతి కాజాలే కావాలనే పాతకాలం వాళ్ళు ఇద్దరో ముగ్గురో వారానికి నాలుగు చొక్కాలు పంపుతారు. నేను బజారులో ఆ కంప్యూటరు మెషిన్ దగ్గరే పనికి కుదిరాను. మీట నొక్కితే పదకొండూ అదే తీసుకుంటుంది, నేను చొక్కా మడత పెడతాను. ఈ మాట అమ్మమ్మకి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చెప్పాక, "మడత బాగా పెట్టు" అంది, అంతే.

పనికి వెళ్ళేముందు ఇరవై సూదులకి దారం ఎక్కించి పెట్టి వెళతాను. ఆవిడ కళ్ళకి ఇప్పుడు ఆ కన్నం అసలు ఆనదు. సూదుల్ని ఆ తెల్లబట్ట ముక్కకే గుచ్చుతాను, నీలం అక్షరాలున్న దానికే. వేరే బట్ట తెస్తానంటే వద్దంది.

నిన్న తొందరలో ఒక సూది ఎనిమిదో అక్షరం మీదే గుచ్చాను. నేను చెప్పులు వేసుకుంటుంటే చూసింది.

"దానిమీద గుచ్చకే. అది తప్పేం చెయ్యలేదు" అంది. ఆ సూది తీసి, అక్షరాల తర్వాత ఖాళీగా ఉన్న చోట గుచ్చుకుంది.